గోడ మీది బొమ్మ ఎవరి కోసం?



రాబిగ్‌లో మేముండే క్యాంపులో మెస్సు పక్కన ఒక చిన్న గది ఉంది. డ్యూటీ దిగాక మేము నలుగురం గుమాస్తాలం అక్కడ కూర్చుని, చదువు రాని అన్నదమ్ములకు ఫారాలు నింపి పెడుతుంటాం, ఇంటికి ఉత్తరాలు రాసి పెడుతుంటాం. తమ వంతు కోసం బెంచీల మీద కూర్చున్నవాళ్లకు ఎదురుగోడ మీద కనిపించేవన్నీ నోటీసులే. ఇఖామా గడువు గురించి ఒకటి, జరిమానాల గురించి ఒకటి, హెల్మెట్ గురించి ఒకటి.

మూడేళ్ల కిందట నిజామాబాద్ జిల్లా పెయింటరన్న ఒకాయన ఆ గదికి ఒక బొమ్మ ఇచ్చాడు. ఊళ్లో సైన్‌బోర్డులు రాసిన చెయ్యి ఆయనది. ప్యాకింగ్ పెట్టె నుంచి వచ్చిన ప్లైవుడ్ చెక్క మీద చెరువు కట్ట, నాలుగు తాటిచెట్లు, అవతల వరిపొలం వేశాడు. అది గోడకెక్కిన రోజు నుంచి బెంచీల మీద మాటలు మొదలయ్యాయి. ఇది మా ఊరి చెరువే అని జగిత్యాల ఆయన అంటే, కాదు మాదేనని కడప ఆయన అనేవాడు. ఒకరి ముఖం ఒకరు చూడకుండా కూర్చునేవాళ్లు ఊళ్ల పేర్లు చెప్పుకోసాగారు.

పోయినేడు ఆ అన్న ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి వెళ్లిపోయాడు. ఈ మధ్య గదికి రంగులు వేయిస్తూ పాత సామానుతో పాటు ఆ చెక్కను కూడా బయట పడేశారు. మేము తీయబోతే, "దాంతో ఏం పని? కడుపు నింపుతుందా?" అన్నారొకరు. మాకు అప్పటికప్పుడు జవాబు తోచలేదు. తరువాత నాలుగు పుస్తకాలు తిరగేసి తెలుసుకున్న చరిత్రను ఇక్కడ పంచుకుంటున్నాం.

లండన్‌లో అనాథ పిల్లల ఇల్లు

పేదల ఆశ్రమానికి చిత్రకారులు తమ బొమ్మలను ఉచితంగా ఇచ్చిన ఉదాహరణల్లో బాగా పేరుపడింది లండన్‌ది. థామస్ కోరమ్ అనే ఓడ కెప్టెన్ ఆ నగర వీధుల్లో తల్లులు వదిలేసిన పసిపిల్లలను చూసి తట్టుకోలేకపోయాడు. వాళ్లకొక ఇల్లు కావాలని పెద్దల గుమ్మాల చుట్టూ 17 ఏళ్లు తిరిగాడు. చివరకు 1739లో రాజుగారి అనుమతి దొరికింది. ఆ సంస్థ పేరు ఫౌండ్లింగ్ హాస్పిటల్. పేరుకు హాస్పిటల్ అన్నా అది నిజానికి అనాథ శరణాలయం.

విలియం హోగార్త్ అనే ప్రసిద్ధ చిత్రకారుడు ఆ సంస్థ పెద్దల్లో ఒకడు. ఆయనకు పిల్లలు లేరు. 1740లో కోరమ్ బొమ్మను నిలువెత్తున గీసి సంస్థకు కానుకగా ఇచ్చాడు. అంతటితో ఆగక తోటి చిత్రకారులను కూడా ఒప్పించాడు. వాళ్లు తమ చిత్రాలను ఒక్కొక్కటిగా ఆ ఇంటి గోడలకు ఇచ్చారు. హోగార్త్ మరొక చిత్రంలో, నదిలో దొరికిన పసివాడు మోషే పెరిగి రాజకుమార్తె దగ్గరకు వచ్చిన ఘట్టం వేశాడు. మన ముస్లిం సోదరులకు మూసా నబీగా తెలిసిన ఆయనే ఈ మోషే. దిక్కులేని పిల్లల ఇంట్లో ఆ కథ ఎందుకు వేశాడో వేరే చెప్పనక్కరలేదు.

దీని ఫలితం గమనించదగ్గది. అప్పటికి లండన్‌లో మామూలు జనం వెళ్లి చిత్రాలు చూసే చోటంటూ లేదు. మంచి చిత్రాలన్నీ జమీందార్ల మేడల్లో ఉండేవి. అందుచేత ఈ బొమ్మలు చూడటానికి ఉన్నవాళ్లు బళ్లు కట్టుకుని వచ్చారు, వచ్చినవాళ్లు పిల్లలకు చందాలిచ్చారు. హాండెల్ అనే సంగీత విద్వాంసుడు కూడా 1749 నుంచి అక్కడ కచేరీలు చేసి డబ్బు పోగుచేసి పెట్టాడు. అంటే గోడ మీది బొమ్మలు ఒక లెక్కన ఆ పిల్లల కడుపు కూడా నింపాయన్నమాట. ఆ చిత్రాలు నేటికీ లండన్‌లోని ఫౌండ్లింగ్ మ్యూజియంలో ఉన్నాయి.

మన రాజమండ్రి

ఇక మన గడ్డ సంగతి. దామెర్ల రామారావు 1897లో రాజమండ్రిలో పుట్టాడు. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఈ కుర్రవాడి చేతిలోని పనిని గుర్తించి ప్రోత్సహించాడు. రామారావు బొంబాయి వెళ్లి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివాడు. చదువయ్యాక పెద్ద నగరాల్లో స్థిరపడక సొంత ఊరికి తిరిగి వచ్చి, కుర్రవాళ్లకు చిత్రకళ నేర్పడానికి బడి పెట్టాడు. ఇంట్లో భార్య సత్యవాణికీ, చెల్లెలు బుచ్చికృష్ణమ్మకూ కూడా బొమ్మలు వేయడం నేర్పాడు. ఆడవాళ్లు కుంచె పట్టడం అరుదైన రోజులవి.

1925 ఫిబ్రవరిలో మశూచి సోకి ఆయన చనిపోయాడు. అప్పటికింకా 28 ఏళ్లు నిండలేదు. అంత చిన్న వయసులో పోయిన మనిషి బొమ్మలు మామూలుగానైతే తలొక చోటికి చేరి మాయమవుతాయి. కానీ ఇక్కడ అలా జరగలేదు. భార్య, వరదా వెంకటరత్నం వంటి మిత్రులు ఆ చిత్రాలను చెదిరిపోనివ్వలేదు, బడినీ ఆగనివ్వలేదు. రామారావు పేరు మీద రాజమండ్రిలో ఏర్పడిన చిత్రశాల ఈనాటికీ ఉంది. గోదావరి జిల్లాల సోదరులు ఈసారి సెలవు మీద వెళ్లినప్పుడు ఇంటిల్లిపాదీ వెళ్లి చూసి రావచ్చు.

ఇక్కడ మాకు అర్థమైనదేమిటంటే, బొమ్మ వేసింది ఒకరైతే దాన్ని నిలబెట్టింది వేరొకరు. రామారావు కుంచె పట్టింది కొద్ది ఏళ్లే. వెనక ఉన్నవాళ్లు కాపాడకపోతే మనకు ఆయన పేరు కూడా తెలిసేది కాదు.

అసీర్ ఆడవాళ్ల గోడలు

మనం బతుకుతున్న ఈ దేశంలోనూ ఇలాంటి సంప్రదాయం ఉంది. దక్షిణాన అబహా వైపు పనిచేసి వచ్చినవాళ్లు చూసే ఉంటారు. అసీర్ ప్రాంతంలో ఆడవాళ్లు ఇంటి లోపలి గోడలకు తెల్లటి పూత పూసి, దాని మీద రంగురంగుల గీతలు, త్రిభుజాలు, చతురస్రాలు దిద్దుతారు. ముఖ్యంగా అతిథులు కూర్చునే గదిలో వేస్తారు. దీన్ని అల్ ఖత్ అల్ అసీరీ అంటారు. ఇంటావిడ ఒక్కతే వేయదు. చుట్టాల్లోని పెద్దవాళ్లనూ చిన్నపిల్లలనూ సాయానికి పిలుస్తుంది. పని జరుగుతుండగానే పిల్లలకు ఆ విద్య అబ్బుతుంది. మన ఇళ్లలో సంక్రాంతి ముగ్గు దగ్గర జరిగేదీ ఇదే కదా! 2017లో యునెస్కో వారు ఈ కళను మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చారు.

ఇంటికి వచ్చే అతిథి కోసం గోడను అలంకరించే మర్యాద ఇది. అంతగా పేరు తెచ్చుకున్నది మాత్రం మామూలు ఇల్లాళ్ల చేతిపని.

జిద్దా సముద్రపు ఒడ్డు

మనకు దక్షిణాన సుమారు 150 కిలోమీటర్ల దూరంలో ఉన్న జిద్దాకు సెలవు రోజున చాలామంది వెళ్తుంటారు. కార్నిష్‌లో పెద్ద పెద్ద శిల్పాల నీడన ఫోటోలు దిగి ఇంటికి పంపుతారు. అవి ఎలా వచ్చాయో తెలిసినవాళ్లు తక్కువ. 1970లలో మేయరైన మొహమ్మద్ సయీద్ ఫార్సీ, నగరం ఇంత వేగంగా పెరుగుతుంటే అందం కూడా ఉండాలని తలచి, హెన్రీ మూర్, మిరో వంటి ప్రపంచ ప్రఖ్యాత శిల్పుల పనులను తెప్పించి వీధుల్లో, సముద్రపు ఒడ్డున నిలబెట్టాడు. టికెట్ లేదు, తలుపు లేదు. ఎవరైనా చూడవచ్చు.

అయితే ఉప్పుగాలికీ ఎండకూ ఏళ్ల తరబడి నిలిచి అవీ దెబ్బతిన్నాయి. 2010 తరువాతి సంవత్సరాల్లో కొన్నిటిని బాగుచేసి కార్నిష్‌లో ఒకచోట చేర్చారు. ఎంత గొప్ప శిల్పి పనికైనా తుడిచే చెయ్యి ఒకటి కావాలి.

మరి కడుపు నింపుతుందా?

అమెరికాలో రోజర్ అల్రిచ్ అనే పరిశోధకుడు 1984లో ఒక సంగతి బయటపెట్టాడు. పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రోగుల రికార్డులు తీసి చూశాడు. వారిలో సగం మంది గది కిటికీలోంచి చెట్లు కనిపించేవి, మిగతా సగానికి ఇటుక గోడ కనిపించేది. చెట్లు చూసినవాళ్లు సగటున కాస్త ముందుగా ఇంటికి వెళ్లారు, గట్టి నొప్పి మందులు తక్కువ వాడారు. అది కిటికీ, మనది బొమ్మ. రెండూ ఒకటేనని మేము అనం. కానీ ఎదురుగా రోజూ ఏం కనిపిస్తున్నదన్నది మనిషి ఒంటి మీద పనిచేస్తుందని మాత్రం తెలుస్తోంది. గోడ వైపు తిరిగి పడుకునే మన క్యాంపు జీవితానికి ఇది చిన్న విషయం కాదు.

ఆ చెక్కను మేము బయట నుంచి తెచ్చాం. అంచులు ఉబ్బాయి, తాటిచెట్టు ఒకటి వెలిసిపోయింది. తుడిచి, వెనక ఆ అన్న పేరు, ఊరు, ఇచ్చిన సంవత్సరం రాసి, క్యాంపు బాసును అడిగి మళ్లీ అదే మేకుకు తగిలించాం. మేము కూడా ఏదో ఒక రోజు వెళ్లిపోయేవాళ్లమే. అందుకని ఆ బొమ్మ బాధ్యత ఎవరిదో ఫారాల రిజిస్టరు మొదటి పేజీలో రాసిపెట్టాం. వెళ్లేవాళ్లు తమ పేరు కొట్టేసి తరువాతి వాళ్ల పేరు రాయాలి.

మీ క్యాంపుల్లో కూడా చెయ్యి తిరిగిన పెయింటర్లు, ముగ్గు గీతలు తెలిసినవాళ్లు తప్పక ఉంటారు. అడిగి చూడండి. ఈ నేల ఆచారానికి ఇబ్బంది కలగని బొమ్మ ఒకటి, చెట్టో చెరువో గీతలో, నలుగురు కూర్చునే చోటికి ఇప్పించండి. మనం ఎన్నడూ చూడబోని తమ్ముడెవరో రేపు కొత్తగా వీసా మీద వచ్చి, మొదటి రోజు బెదురుగా ఆ బెంచీ మీద కూర్చుంటాడు. ఆ బొమ్మ అతని కోసం.