కూలిపనియు, స్వంతకల్పనయు

వీడియో ఆటలను నిర్మించు సంస్థను పరుల కొరకు చేసిన పనిని బట్టి తూచవలెనా, స్వంత కల్పనను బట్టియా? 2003లో కాలిఫోర్నియాలో వెలసిన అబ్సిడియన్ సంస్థ చరిత్రను మనము చూతము.

దాని తొలి ఆట ‘స్టార్ వార్స్’ లోకమునకు చెందినది. లూకస్ ఆర్ట్స్ వారి కొరకు నిర్మించిన ఆ ఆట 2004 డిసెంబరులో వెలువడినది. వ్యవధి చాలక కొన్ని ఘట్టములు తొలగింపబడినవి, ముగింపు కుంటువడినది. 2010లో బెథెస్డా వారి కొరకు నిర్మించిన ‘ఫాలౌట్: న్యూ వేగాస్’ సుమారు 18 నెలల పని. అదియు దోషములతోనే వెలువడినను, కథాబలముచే మన్నన పొందినది.

2012లో అభిమానులిచ్చిన సుమారు 40 లక్షల డాలర్లతో ‘పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ’ అను స్వంత ఆటకు పూనుకొనిరి. అనుకొన్న 2014 నాటికి అది సిద్ధము కాలేదు. ఘట్టములను కోయక గడువునే పొడిగించుకొని, 2015లో వెలువరించిరి.

కనుక, గడువు ఎవరి చేతిలోనుండెనో తెలియక లోపములను లెక్కించుట న్యాయము కాదు. అయినను ‘న్యూ వేగాస్’ను మరువరాదు: పరుల పనియందును ప్రతిభ దాగదు.