ప్రసవానంతర పేగు స్తంభన, లవణ లోపాలు

కాన్పు తర్వాత, మరీ ముఖ్యంగా సిజేరియన్ తర్వాత, అడ్డంకి ఏదీ లేకుండానే పేగుల కదలిక ఆగి కడుపు ఉబ్బే స్థితి. ఆపరేషన్ జరిగాక ఒకటి రెండు రోజులు పేగులు మందగించడం మామూలే. ఆ తర్వాత కూడా పొట్ట బిగుస్తూనే ఉంటే ఆ కేసును వేరుగా చూడాలి. పెద్దపేగుకు వచ్చే తీవ్ర రూపాన్ని ఓగిల్వీ సిండ్రోమ్ అంటారు.

ఈ పేరు బ్రిటిష్ సర్జన్ హెనేజ్ ఓగిల్వీ 1948లో రాసిన వ్యాసం వల్ల వచ్చింది. ఆయన వర్ణించిన ఇద్దరు రోగులూ బాలింతలు కారు, క్యాన్సర్ రోగులు. సింపథెటిక్ నాడులు దెబ్బతినడమే కారణమని ఆయన అన్నారు. తర్వాతివారిలో చాలామంది త్రికాస్థి దగ్గరి పారాసింపథెటిక్ నాడుల మాంద్యాన్ని చెబుతారు. ఆ నాడులు గర్భాశయం పక్కగానే సాగుతాయి కనుక బాలింతల విషయంలో ఈ రెండో వివరణే ఎక్కువ పొసగుతుంది.

రక్తంలో పొటాషియం లీటరుకు సుమారు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ ఉండాలి. అది బాగా పడిపోతే పేగు కండరం సరిగా స్పందించదు. వాంతులు, రోజుల తరబడి తిండి లేకపోవడం, నెలలు నిండకముందే వచ్చిన నొప్పులను ఆపడానికి ఇచ్చే టెర్బ్యుటలిన్ వంటి మందులు దాన్ని తగ్గిస్తాయి. మెగ్నీషియం కూడా తగ్గి ఉంటే పొటాషియం ఎంత ఎక్కించినా నిలవదు. గుర్రపువాతానికి ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ మోతాదు మించినా పేగు మందగిస్తుంది. అయితే లవణ లోపం ఒక్కటే మూలమని చెప్పలేం. ఉబ్బిన పెద్దపేగు నుంచి పొటాషియం నీళ్ల విరేచనంలో పోతుంది కాబట్టి కొన్ని కేసుల్లో లోపం జబ్బు ఫలితమే కావచ్చు.

తెలుగు ఇళ్లలో కొన్నిచోట్ల బాలింతకు నీళ్లు తగ్గించి పథ్యం పెడతారు. దానివల్లే ఈ స్తంభన వస్తుందని చెప్పడానికి ఆధారం లేదు. అయినా వాంతులతో నీరసించిన మనిషికి నీళ్లు తగ్గించడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

గుర్తుపట్టడంలో ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది. వేలితో తడితే పొట్ట డప్పులా మోగుతుంది, నొప్పి కుడివైపు కింద ఎక్కువవుతుంది. అక్కడి సీకమ్ పెద్దపేగులోకెల్లా వెడల్పైనది కాబట్టి దాని గోడ మీదే ఒత్తిడి ఎక్కువ. ఎక్స్‌రేలో అది 12 సెంటీమీటర్లు దాటితే చిల్లు పడే ప్రమాదం బాగా పెరుగుతుంది. ముందు లవణాలు సరిచేసి, నోటి ఆహారం ఆపి చూస్తారు. పొటాషియాన్ని సెలైన్‌లో కలిపి నెమ్మదిగానే ఎక్కించాలి, నేరుగా సిరలోకి ఇస్తే గుండె ఆగిపోవచ్చు. ఫలితం లేకుంటే నియోస్టిగ్మిన్ ఇస్తారు. 1999 నాటి ఒక ప్రయోగంలో 2 మిల్లీగ్రాముల మోతాదు పొందిన 11 మందిలో 10 మందికి పొట్ట వెంటనే తగ్గింది. ఈ మందుతో గుండె వేగం పడిపోవచ్చు, అందుకే మానిటర్ పెట్టి, అట్రోపిన్ చేతికి అందేలా ఉంచుతారు. చిల్లు పడితే ఆపరేషన్ తప్పదు.

విరేచనం అవుతోంది కదా అని భరోసా పడకూడదు. ఉబ్బరం తగ్గని బాలింతకు పొట్ట ఎక్స్‌రే, పొటాషియం, మెగ్నీషియం పరీక్షలు అదే రోజు చేయించాలి.