ద్రాక్షకు రాజుగారి పేరుంది, నేలకే పేరు లేదు

మామిడిపండ్లు కొనేటప్పుడు మనం అడిగే మొదటి ప్రశ్న, "ఎక్కడివి?" అని. నూజివీడు రసాలా, బంగినపల్లా, తోటలో కోసినవా, మార్కెట్ నుంచి వచ్చినవా అని నిలదీస్తాం. అదే ద్రాక్షపండ్ల బండి దగ్గర ఆగితే "గింజలున్నాయా? పులుపా?" అని మాత్రమే అడుగుతాం. ఏ ఊరి ద్రాక్ష అని అడిగిన ఇల్లాలిని నేనింతవరకు చూడలేదు. ఈ చిన్న తేడా వెనక పెద్ద చరిత్రే ఉంది. హైదరాబాద్ చుట్టూ వేల ఎకరాల్లో ఉండిన ద్రాక్షతోటలు మన కళ్ళ ముందే ఎలా మాయమయ్యాయో తెలియాలంటే ఈ ప్రశ్న దగ్గరే మొదలుపెట్టాలి.

ముందు ద్రాక్షకు పుట్టిల్లు లాంటి ఇటలీకి వెళ్ళొద్దాం. ఫ్లోరెన్స్, సియెనా అనే రెండు పాత నగరాల మధ్య కొండల ప్రాంతాన్ని కియాంతి అంటారు. అక్కడి సారాయి సంగతి మనకెందుకు గానీ, నేల సంగతి వినదగ్గది. అది మన కృష్ణా డెల్టాలా ఏరు తెచ్చి పోసిన ఒండ్రు కాదు. చేత్తో నలిపితే పెచ్చులుగా ఊడే బంకరాయి ఒక చోట, గట్టి సున్నపురాయి ఇంకో చోట. మొదటిదాన్ని గలెస్త్రో అనీ, రెండోదాన్ని అల్బరేజె అనీ అక్కడి రైతులు పిలుచుకుంటారు. వరి వేస్తే గింజ రాలని నేల. ద్రాక్షకు మాత్రం అదే కావాలి.

1716లో అక్కడి పాలకుడు మూడో కొసిమో ఒక శాసనం చేశాడు. కియాంతి అని ఏ ఊళ్ళను పిలవాలో, ఆ పేరుతో ఎక్కడి ద్రాక్షసారాయిని అమ్మాలో హద్దులు గీశాడు. గీత అవతలివాడు ఆ పేరు పెట్టుకుని అమ్మకూడదు. మన ఊళ్ళలో పొలం గట్టు జరిపితే తగాదా. వాళ్ళకి పేరు గట్టు దాటినా తగాదాయే అన్నమాట.

ఆ కొండల్లోనే బ్రోలియో అనే కోట ఉంది. 1141 నుంచి అది రికాసోలి అనే జమీందారీ కుటుంబానిది. ఆ వంశంలో పుట్టిన బెత్తీనో రికాసోలి ఇటలీకి ప్రధానమంత్రి కూడా అయ్యాడు. ఏ ద్రాక్ష ఎందుకు కలపాలో వివరిస్తూ 1872లో ఆయన రాసిన ఉత్తరాన్ని ఇప్పటికీ కియాంతికి మూలంగా చెప్పుకుంటారు. ఈ తరం వాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి, ఎస్టేట్‌లో నేలలన్నిటినీ పరీక్ష చేయించి పటం గీయించుకున్నారు. సున్నపు బంకనేల ద్రాక్ష ఒక సీసాలోకి, ఒకప్పటి సముద్రం వదిలిపోయిన నేల ద్రాక్ష ఇంకో సీసాలోకి, ఏరు మేట వేసిన గట్టు మీది ద్రాక్ష మరో సీసాలోకి వెళ్తాయి. మూడింటిలోనూ తీగ ఒకటే, తేడా అంతా మట్టిదే.

ఆ ఎస్టేట్లలో చెమటోడ్చింది జమీందార్లు కాదనుకోండి. పండినదాంట్లో సగం దొరకి, సగం కుటుంబానికి అనే సగపాలు పద్ధతిలో తరాల తరబడి కౌలు కుటుంబాలు నలిగాయి. 1964లో చట్టం చేసి కొత్తగా అలాంటి ఒప్పందాలు రాసుకోకుండా ఆపారు. ఆ రోజుల్లో రైతులు పట్నాలకి పోయి ఎన్నో తోటలు బీడుపడ్డాయి కూడా. అయినా మళ్ళీ నాటుకున్నారు. ఎందుకంటే ఆ పేరు ఆ నేలని వదిలి ఎక్కడికీ పోదు.

ఇక మన కథ. ద్రాక్ష ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్ వైపు నుంచి 1300 ప్రాంతంలో దక్కన్‌కి వచ్చిందని చెబుతారు. తమిళనాడులోని సేలం, మదురై వైపు 1832 ప్రాంతంలో క్రైస్తవ మిషనరీలు నాటారు. హైదరాబాద్‌కి మాత్రం అసలు కళ తెచ్చింది అనాబ్-ఎ-షాహీ. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ అనే ఆయన దీన్ని తెచ్చి నాటాడు. అనాబ్ అంటే ద్రాక్ష, షాహీ అంటే రాజుకి చెందినది. పొడుగు పండు, మాగితే తేనెరంగు, లోపల రెండు మూడు గింజలు, నోట్లో వేసుకుంటే నిండా రసం. నలభై దాటిన వాళ్ళందరికీ ఆ రుచి గుర్తుండే ఉంటుంది. పేరు తెలియకపోయినా "హైదరాబాద్ పెద్ద ద్రాక్ష" అంటే తెలుస్తుంది.

మరి 1855లోనే బెజవాడ ఆనకట్ట కట్టుకుని, కాలవల నీళ్ళతో మురిసిపోతున్న మన డెల్టాలో ఈ తోటలు ఎందుకు లేవలేదు? నల్లరేగడి నీళ్ళని పట్టుకుని వదలదు. ద్రాక్ష వేరు తడిలో నిలబడలేదు, ఊపిరాడక కుళ్ళుతుంది. దానికి తోడు మనకి అక్టోబర్, నవంబర్లలో వాయుగుండాలు. సరిగ్గా అప్పుడే తీగ పూతకొస్తుంది. ఆ తేమకి ఆకు వెనక తెల్లగా బూజు పట్టిందంటే పూతంతా మాడిపోతుంది. హైదరాబాద్ చుట్టూ ఉన్నది ఎర్రచల్క. సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి నల్లరాతి గుట్టలు ఎండకి, వానకి అరిగి అరిగి తయారైన గరుకు నేల. పోసిన నీళ్ళు జారిపోతాయి, వేరు ఊపిరి పీలుస్తుంది. బంజారాహిల్స్‌లో ఇళ్ళ మధ్య ఇంకా మిగిలిన గుండ్రాళ్ళు చూశారు కదా, ద్రాక్షని పెంచింది ఆ రాళ్ళ మట్టే.

మా పెద్దమ్మా వాళ్ళు 1970ల్లో ఇక్కడ మైలవరంలో చెరువు కింద ఉన్న నాలుగెకరాల పల్లం అమ్మేసి, శామీర్‌పేట వైపు పన్నెండెకరాల చల్క కొన్నారు. మాగాణి అమ్మి రాళ్ళు కొన్నారని ఊరంతా నవ్విందట. ఆ రోజుల్లో కోస్తా నుంచి అలా వెళ్ళి తోటలు వేసిన కుటుంబాలు చాలానే ఉన్నాయి. పెద్దమ్మకి చదువు రాదు గానీ మట్టి చదవడం వచ్చు. "మన రేగడి అత్తగారు లాంటిదే అమ్మాయ్, ఒకసారి పట్టుకుందంటే వదలదు. ఈ చల్క చంటిపిల్ల, ఇప్పుడే తాగి ఇప్పుడే మళ్ళీ ఏడుస్తుంది" అనేది. అందుకే రోజూ కొంచెం కొంచెం నీళ్ళు పెట్టాలని ఆవిడ లెక్క. డ్రిప్పు పైపులు వచ్చాక అందరూ చెప్పిన మాటా అదే.

వేసవి సెలవుల్లో ద్రాక్ష తినొచ్చని ఆశగా వెళితే తోట బోడిగా ఉండేది. ఇటలీలో అయితే చలికాలం తీగ ఆకు రాల్చి నిద్రపోతుంది, అప్పుడొకసారి కత్తిరిస్తారు, సెప్టెంబర్, అక్టోబర్‌లలో పండు కోస్తారు. మన దగ్గర తీగని నిద్రపుచ్చేంత చలి లేదు. అందుకని రెండుసార్లు కత్తిరిస్తారు. పంట అయ్యాక ఏప్రిల్లో ఒకసారి, అది కొత్త కొమ్మ కోసం. మళ్ళీ అక్టోబర్‌లో, అది కాయ కోసం. పండు ఫిబ్రవరి, మార్చికి వస్తుంది. రెండు కత్తిరింపులు, ఒక్క పంట. నిద్రలేకుండా పనిచేసే తీగ అని నాకెప్పుడూ అనిపిస్తుంది. ఇల్లాళ్ళకి వేరే చెప్పాలా!

తోటంతా ఒకే పందిరి. రాతి స్తంభాలు నాటి, ఇనప తీగలు అల్లి, మనిషి ఎత్తుకి కాస్త పైన కట్టేవాళ్ళు. మన పెరట్లో చిక్కుడు పందిరినే పన్నెండెకరాలకి సాగదీసినట్టు. ఆ పందిరి కింద పని ఎక్కువగా ఆడవాళ్ళదే. లేత కొమ్మని తీగకి కట్టడం, గుత్తిలో ఇరుకైన కాయల్ని ఏరెయ్యడం, పండు మీది బూడిదలాంటి పొర చెదరకుండా కాడ పట్టుకుని కొయ్యడం. చేతులు పైకెత్తి రోజంతా నిలబడాలి. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం చల్లిన రోజున చీర కొంగులు నీలంగా మారేవి. పెద్దమ్మ మెడనొప్పి తోట పోయాక కూడా పోలేదు.

కష్టానికి తగ్గట్టు కాసింది కూడా. అనాబ్-ఎ-షాహీ సగటు దిగుబడి హెక్టారుకి 35 టన్నులు, అంటే ఎకరాకి 14 టన్నులు. అదే కియాంతి నడిబొడ్డున చట్టమే హెక్టారుకి ఏడున్నర టన్నులు దాటనివ్వదు. ఎకరాకి మూడు టన్నులే! తినే ద్రాక్షకి, పిండే ద్రాక్షకి పోలిక పూర్తిగా కుదరదు, నిజమే. అయినా ఆలోచన తేడా చూడండి. వాళ్ళు తక్కువ కాయించి నేల రుచిని అమ్మారు. మనం ఎక్కువ కాయించి బరువు అమ్మాం.

బరువు అమ్మేవాడికి ఇంకా ఎక్కువ బరువు పండించేవాడు ఎదురైతే కష్టం. గింజలేని థామ్సన్ రకం వచ్చింది, పిల్లలకి అదే నచ్చింది. నాసిక్, సాంగ్లీ నుంచి లారీలు దిగాయి. ఇప్పుడు దేశంలో ద్రాక్ష అంటే మహారాష్ట్రే. ఇక్కడ బోర్లు ఏటేటా లోతుకి పోయాయి. 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చేసరికే చాలా తోటలకి గొంతు ఎండిపోయింది. ఆ తరవాత శంషాబాద్ విమానాశ్రయం వచ్చింది, 2008లో విమానాలు ఎగిరాయి. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు పడింది. టన్నుల్లో లెక్కపెట్టిన నేలని గజాల్లో లెక్కపెట్టడం మొదలైంది.

పెద్దమ్మా వాళ్ళూ ఆ రోజుల్లోనే అమ్మారు. వాళ్ళని తప్పుపట్టను. ఇద్దరు పిల్లల చదువులు, ఒక పెళ్ళి, ఎండిన మూడు బోర్ల అప్పు ఆ డబ్బుతోనే తీరాయి. పెద్దమ్మ మాత్రం "సంతకం నా చేత కూడా పెట్టించారు గానీ, మాట మాత్రం నన్నడగలేదు" అంది. ఆ మాట నేను మరిచిపోలేదు. ముప్ఫై ఏళ్ళు ఆ మట్టిని చంటిపిల్లలా సాకిన మనిషి ఆవిడే కదా.

నాకు తోచినది ఇదీ. ఆ పండుకి రాజు పేరు వచ్చింది గానీ శామీర్‌పేట పేరు రాలేదు, మేడ్చల్ పేరు రాలేదు. నేలకి పేరు లేకపోతే కొనేవాడికి ఆ నేల మీద బెంగ ఉండదు. ఏ ఊరిదైతేనేం, గింజ లేకపోతే చాలనుకుంటాడు. ఒక్క పేరే తోటల్ని కాపాడుతుందని అనను, నీళ్ళు లేకుండా పేరు ఏం చేస్తుంది? కానీ పేరున్న నేలని అమ్మే ముందు ఒకసారైనా ఆగి ఆలోచిస్తారు. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం ఇంకా ఉంది. పండ్ల కాలంలో నగరవాసులు పిల్లల్ని తీసుకెళ్ళి చూపించి, కొనుక్కుని వస్తుంటారు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు ఈసారి వెళ్ళి రండి.

మైలవరంలో కూర్చుని నేనిదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా చుట్టూ ఉన్నవి మామిడితోటలు. బుడమేరు పుట్టే ఈ కొండల వాలులో, రెడ్డిగూడెం, విస్సన్నపేట, నూజివీడు వరకూ ఎర్రనేల మామిడికి పుట్టిల్లు. జాతీయ రహదారి మా ఊరి మీదుగానే పోతుంది. దాని పక్కన రంగురంగుల జెండాలు, సరిహద్దు రాళ్ళు కనపడుతూనే ఉన్నాయి. మామిడికి ఉన్న అదృష్టం ఏమిటంటే దానికి ఊరి పేరుంది. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నూజివీడు రసం అంటే ఏ రాష్ట్రంలో ఉన్న తెలుగువాళ్ళకైనా నోరూరుతుంది.

ఆ పేరుని నిలబెట్టేది బజారులో నిలబడి "ఎక్కడివి?" అని అడిగే మనమే. మామిడిని అడిగినట్టే ద్రాక్షనీ, జామనీ, బత్తాయినీ అడుగుదాం. ఇంట్లో పొలం అమ్మకం మాట వచ్చిన రోజున, ఆ మట్టిలో చేతులు పెట్టిన ఆడమనిషిని కూడా పిలిచి కూర్చోబెట్టి, సంతకానికి ముందు మాట అడుగుదాం.