మందు నిలిచింది, పథ్యం పోయింది

అంగస్తంభన లోపం ఈ కాలం తెచ్చిన జబ్బని చాలామంది అనుకుంటారు. కానీ ఆయుర్వేదం తన ఎనిమిది అంగాల్లో ఒకదాన్ని, వాజీకరణాన్ని, పురుషుడి శక్తికీ సంతానానికీ ఎప్పుడో కేటాయించింది. చరక సంహిత చికిత్సాస్థానంలో రసాయనం తరవాత రెండో అధ్యాయం అదే. మినుములు, పాలు, నెయ్యి, నేలగుమ్మడి, దూలగొండి గింజలతో చెప్పిన యోగాలు అందులో బోలెడు.

అయితే మందుకు ముందు ఒళ్లు శుద్ధి చేసుకోవాలన్నాడు చరకుడు. మురికిగుడ్డకు రంగు పట్టనట్టే శుద్ధిలేని ఒంటికి మందు పట్టదన్నాడు. శక్తినిచ్చేవాటిలో సంకల్పానిది మొదటి స్థానమనీ, శక్తిని చెరిచేవాటిలో మనసు కుంగడం మొదటిదనీ సూత్రస్థానంలోనే తేల్చాడు. సుశ్రుతుడు క్లైబ్యాన్ని, అంటే ఈ లోపాన్ని, ఆరు రకాలుగా విడదీసి, మానసికాన్ని ముందు చెప్పాడు. పుట్టుకతో వచ్చినదీ, మర్మం తెగి వచ్చినదీ నయం కావని దాచకుండా రాశాడు.

ఈ విద్య తెలుగులోకీ వచ్చింది. కూచిరాజు ఎర్రన కొక్కోకం అనే కామశాస్త్రాన్ని తెలుగు చేశాడు. బసవరాజీయం అనే వైద్యగ్రంథం మన వైద్యులకు చేతిపుస్తకమైంది. అచ్చుయంత్రం వచ్చాక కథ మారింది. పత్రికల్లో ధాతుపుష్టి లేహ్యాలు, గోడల మీద నరాల బలహీనత ప్రకటనలు వెలిశాయి. పథ్యం పోయి సీసా మిగిలింది. కుర్రవాళ్లకు సహజంగా జరిగే స్వప్నస్ఖలనాన్ని రోగంగా చూపి భయపెట్టడమే వ్యాపారమైంది. లైంగిక సామర్థ్యం పెంచుతామనే ప్రకటనలను 1954 చట్టం నిషేధించింది. అయినా బస్టాండు గోడలు ఖాళీగా లేవు.

అల్లోపతీ చాలాకాలం అంగస్తంభన లోపాన్ని మనసు జబ్బుగానే చూసింది. 1983లో లాస్ వేగాస్ సభలో బ్రిటిష్ శాస్త్రవేత్త జైల్స్ బ్రిండ్లీ తనకు తానే ఇంజెక్షన్ ఇచ్చుకుని, ఫలితాన్ని తోటి వైద్యులకు వేదిక మీదే చూపించాడు. ఇది రక్తనాళాల సంగతి కూడా అని అందరికీ తెలిసొచ్చింది. గుండెనొప్పికని మొదలుపెట్టిన సిల్డెనాఫిల్‌కు 1998లో ఈ లోపానికి మందుగా అమెరికా అనుమతి దొరికింది. ఆ మాత్ర పనిచేస్తుంది. కానీ నాలుక కింద పెట్టుకునే గుండెమందుతో కలిస్తే బీపీ ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోతుంది.

ఆ తరవాతి పరిశోధన మళ్లీ పథ్యం దగ్గరికే వచ్చింది. 2004లో ఇటలీలో 110 మంది స్థూలకాయులపై రెండేళ్ల అధ్యయనం అచ్చయింది. తిండి తగ్గించి, నడక పెంచిన వాళ్లలో మూడోవంతు మంది మాత్ర లేకుండానే కోలుకున్నారు. మూలికల మాటకొస్తే, 2011లో జామ్‌నగర్ ఆయుర్వేద పరిశోధకులు మానసిక కారణాలతో ఈ లోపం వచ్చినవారికి అశ్వగంధ ఇచ్చి చూశారు. ఉత్తుత్తి మందు కన్నా మెరుగు కనబడలేదు. ఆ మాట వాళ్లే ప్రకటించారు. సుశ్రుతుడి నిజాయతీకి వారసులు అలాంటివాళ్లే.

పురుషాంగపు నాళాలు గుండె నాళాల కన్నా సన్నం. అందుకే గుండెజబ్బుకు ఈ లోపం కొన్నేళ్ల ముందే వచ్చే హెచ్చరిక కావచ్చు. కాబట్టి ముందు షుగరు, బీపీ, కొలెస్టరాలు చూపించుకోండి. సిగరెట్టు మానండి, మద్యం తగ్గించండి, రోజూ నడవండి, కంటినిండా నిద్రపోండి, భార్యతో మనసు విప్పి మాట్లాడండి. ఆయుర్వేదం కావాలంటే డిగ్రీ ఉన్న వైద్యుడి దగ్గరికి వెళ్లండి. పేరులేని పొడుల్లో సిల్డెనాఫిల్ కలిపి అమ్మిన ఉదంతాలు ఉన్నాయి. గోడ మీది ఫోన్ నంబరును నమ్మకండి.