హెచ్‌ఐవీ: సంజ్ఞాన లోపాలు, ఆరోగ్య అక్షరాస్యత

హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారిలో కొందరికి జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, ఆలోచనా వేగం, చేతుల చురుకుదనం తగ్గుతాయి. వీటిని కలిపి సంజ్ఞాన లోపాలు అంటారు. వైద్య సమాచారాన్ని తెలుసుకొని, అర్థం చేసుకొని, దాన్నిబట్టి నడుచుకోగలగడం ఆరోగ్య అక్షరాస్యత. మొదటిది మెదడుకు సంబంధించిన విషయం. రెండోదాన్ని చదువు, భాష, ఆసుపత్రిలో చెప్పే తీరు కలిసి నిర్ణయిస్తాయి. మూలాలు వేరైనా రెండూ పైకి ఒకే రకంగా కనిపించవచ్చు. మాత్ర తప్పిపోతుంది, రమ్మన్న తేదీ దాటిపోతుంది, నిన్న చెప్పిన మాట ఇవాళ మళ్ళీ చెప్పాల్సి వస్తుంది. ఈ పోలిక వల్ల రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. మరుపు వల్ల డోసు తప్పినవారి మీద నిర్లక్ష్యం అనే ముద్ర పడుతుంది. బడి మొహం చూడనివారికి పరీక్షలో తక్కువ మార్కులు వస్తే అది మెదడు జబ్బు లెక్కలోకి వెళ్తుంది.

పదజాలం

‘ఆరోగ్య అక్షరాస్యత’కు మూలమైన ఆంగ్ల పదాన్ని 1974లో స్కాట్ సైమండ్స్ మొదట వాడినట్లు సాధారణంగా చెబుతారు. తెలుగులో ‘ఆరోగ్య సాక్షరత’, ‘ఆరోగ్య అవగాహన’ అనే మాటలు కూడా కనిపిస్తాయి. అవగాహన అన్నప్పుడు తెలిసి ఉండటం మాత్రమే స్ఫురిస్తుంది, తెలిసినదాన్ని ఆచరణలో పెట్టగలగడం స్ఫురించదు. అందువల్ల ఈ వ్యాసంలో ‘ఆరోగ్య అక్షరాస్యత’నే వాడాం. డాన్ నట్‌బీమ్ 2000లో దీన్ని మూడు మెట్లుగా విభజించారు. చీటీ చదివి పాటించడం మొదటి మెట్టు. వైద్యులతో మాట్లాడి కావలసింది రాబట్టుకోవడం రెండోది. విన్న సమాచారాన్ని తూచి సొంత నిర్ణయం తీసుకోవడం మూడోది. అక్షరాలు రానివారు కూడా రెండో, మూడో మెట్లలో గట్టిగా ఉండవచ్చు. హెచ్‌ఐవీ విషయంలో ఈ సంగతి ముఖ్యమైనది.

మెదడులో జరిగేది

వైరస్ శరీరంలో చేరిన కొద్ది వారాలకే మెదడుకు చేరుతుంది. వ్యాధి సోకిన తెల్ల రక్తకణాలు దాన్ని అక్కడికి మోసుకుపోతాయని అంగీకృత వివరణ. నాడీకణాలకు వైరస్ నేరుగా సోకదు. మెదడులోని రక్షక కణాలకు సోకి, వాటి నుంచి వెలువడే పదార్థాల వల్ల, టాట్, జీపీ120 వంటి వైరస్ ప్రొటీన్ల వల్ల, ఎడతెగని వాపు వల్ల నాడీకణాలు దెబ్బతింటాయి. మెదడు లోపలి పొరల్లోని భాగాలు, వాటికీ ముందు భాగానికీ నడుమ ఉన్న దారులు ఎక్కువగా నష్టపోతాయి. అందుకే తొలిదశలో మాట, గుర్తుపట్టే శక్తి బాగానే ఉండి, వేగమూ ఏకాగ్రతా ముందుగా తగ్గుతాయి.

రోగనిరోధక కణాల సంఖ్యను తెలిపే సీడీ4 కౌంట్ ఒకప్పుడు బాగా పడిపోయినవారిలో, తర్వాత మందులతో అది పెరిగినా, లోపాలు మిగిలే అవకాశం ఎక్కువని చాలా అధ్యయనాలు చూపాయి. మన దేశంలో 2004లో ఉచిత ఏఆర్‌టీ (వైరస్‌ను అణచే మందుల చికిత్స) మొదలైనప్పుడు మందులు ప్రారంభించడానికి కౌంట్ 200 కంటే తగ్గాలన్నది ప్రధాన నియమం. కౌంట్‌తో నిమిత్తం లేకుండా అందరికీ చికిత్స అనే విధానం 2017లో వచ్చింది. 2004 తర్వాతి తొలి సంవత్సరాల్లో మందులకు వచ్చినవారు ఇప్పుడు నడివయసు దాటుతున్నారు. వారిలో మతిమరుపు కనిపిస్తే వయసు మీద నెట్టేయకుండా ఈ చరిత్రను కూడా చూడాలి. కుంగుబాటు, మద్యం, మధుమేహం, రక్తపోటు, గతంలో వచ్చిన క్షయ లేదా క్రిప్టోకాకల్ మెనింజైటిస్ (మెదడు పొరలకు సోకే ఫంగస్ జబ్బు), నిద్రలేమి కూడా ఇలాంటి లక్షణాలకు కారణాలు. వీటిలో కొన్ని చికిత్సకు లొంగుతాయి కాబట్టి ముందుగా వాటినే వెతకాలి.

నిర్ధారణ ప్రమాణాలు, వివాదం

1986లో బ్రాడ్‌ఫర్డ్ నావియా, రిచర్డ్ ప్రైస్ తదితరులు ‘ఎయిడ్స్ డిమెన్షియా కాంప్లెక్స్’ను వివరించారు. మందులు లేని ఆ రోజుల్లో అది వేగంగా ముదిరే జబ్బు. ఇప్పుడు విస్తృతంగా వాడే వర్గీకరణ ఇటలీలోని ఫ్రస్కాటి పట్టణం పేరు మీద, 2007లో ప్రచురితమైంది. అందులో మూడు స్థాయిలున్నాయి: పరీక్షలో మాత్రమే బయటపడే లోపం, దైనందిన జీవితాన్ని కొంత ఇబ్బంది పెట్టే లోపం, దాన్ని బాగా దెబ్బతీసే డిమెన్షియా. అమెరికాలో 1,555 మందిని పరిశీలించిన చార్టర్ అధ్యయనం (2010) సుమారు 52 శాతం మందిలో ఏదో ఒక స్థాయి లోపాన్ని గుర్తించింది. డిమెన్షియా ఉన్నవారు దాదాపు 2 శాతమే.

‘హెచ్‌ఐవీ ఉన్నవారిలో సగం మందికి మెదడు లోపం’ అని తరచూ కనిపించే వాక్యం ఈ అంకె నుంచి పుట్టింది. దాన్ని జాగ్రత్తగా చదవాలి. ఆ సగంలో అధిక భాగం మొదటి స్థాయివారు, అంటే రోజువారీ పనుల్లో ఏ ఇబ్బందీ లేనివారు. ఇదే కొలబద్దతో కొలిస్తే ఆరోగ్యవంతుల్లోనూ 20 శాతానికి పైగా లోపం ఉన్నట్లు తేలుతుందని మాగ్నస్ గిస్లెన్ బృందం 2011లో ఎత్తిచూపింది. పరీక్షలో మార్కులు తగ్గినంత మాత్రాన జబ్బు అనరాదని, రోగి చరిత్ర, లక్షణాలు, మెదడుకు గాయమైన ఆధారాలు కలిపి చూడాలని 2023లో ఒక అంతర్జాతీయ నిపుణుల బృందం ప్రతిపాదించింది. తెలుగు నేల వంటి చోట్ల, చదువులో ఇన్ని అంతరాలున్నప్పుడు, 2023 నాటి ఈ దృష్టే ఎక్కువ న్యాయంగా కనిపిస్తుంది.

భారతదేశంలో

భారతదేశంలో ప్రధానంగా వ్యాపించింది సీ రకం వైరస్. దాని టాట్ ప్రొటీన్‌లో 31వ స్థానంలో సిస్టీన్ అనే అమైనో ఆమ్లానికి బదులు సెరీన్ ఉండటం వల్ల తెల్ల రక్తకణాలను ఆకర్షించే గుణం తగ్గిందని బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత వైజ్ఞానిక పరిశోధన కేంద్రానికి చెందిన ఉదయ్‌కుమార్ రంగ బృందం 2004లో చూపింది. దీన్నిబట్టి మన దేశంలో మెదడుకు హాని తక్కువన్న అభిప్రాయం ఏర్పడింది. తీవ్రమైన డిమెన్షియా ఇక్కడ అరుదుగా కనబడటం దానికి బలమిచ్చింది. అయితే చెన్నై (2006), బెంగళూరు (2007) అధ్యయనాలు అప్పటికి మందులు వాడనివారిలో సగానికి పైగా మందిలో స్వల్ప, మధ్యస్థ లోపాలను నమోదు చేశాయి. తీవ్రత తక్కువ కావచ్చు గాని, లోపమే రాదనడానికి ఆధారం చాలదన్నదే ఇప్పటికి సబబైన నిర్ణయం.

పరీక్షలు, చదువు

తక్కువ సమయంలో చేయదగిన పరీక్షగా 2005లో నెడ్ సాక్టర్ బృందం ‘అంతర్జాతీయ హెచ్‌ఐవీ డిమెన్షియా స్కేలు’ను రూపొందించింది. దీనికి కాగితం, కలం, చదువు అక్కర్లేదు. ముందుగా కుక్క, టోపీ, చిక్కుడు గింజ, ఎరుపు వంటి నాలుగు మాటలు చెప్పి తిరిగి చెప్పిస్తారు. తర్వాత బొటనవేలిని చూపుడువేలితో 5 సెకన్లలో ఎన్నిసార్లు తాకించగలరో లెక్కిస్తారు. 15 సార్లయితే పూర్తి 4 మార్కులు. పిడికిలి, బల్ల మీద పరిచిన అరచెయ్యి, నిలువుగా ఆనించిన చెయ్యి, ఈ మూడింటినీ వరుస తప్పకుండా 10 సెకన్లలో నాలుగుసార్లు చేస్తే మరో 4. చివర్లో ఆ నాలుగు మాటలు అడుగుతారు, గుర్తున్న మాటకు ఒక మార్కు. మొత్తం 12. పది, అంతకంటే తక్కువ వస్తే వివరమైన పరీక్షకు పంపాలి.

అమెరికాలోనూ ఉగాండాలోనూ ఈ స్కేలు లోపం ఉన్నవారిలో 80 శాతం మందిని పట్టుకుంది. లోపం లేనివారిని సరిగ్గా గుర్తించింది మాత్రం వరుసగా 57, 55 శాతమే. కాబట్టి ఇది జల్లెడలాంటిది, తీర్పు చెప్పదు. నాట్లు వేసి, బీడీలు చుట్టి వేళ్ళు కాయలు కాసినవారిని, పలక పట్టనివారిని అదే కొలతతో చూసేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. సాధారణ డిమెన్షియా కోసం భారత వైద్య పరిశోధన మండలి ఐదు భాషల్లో తయారుచేయించిన పరీక్షల సంపుటిలో తెలుగు ఒకటి. వయసు, చదువునుబట్టి మన ప్రమాణాలు మనకు ఉండాలన్న ఆ పద్ధతి హెచ్‌ఐవీ రంగానికీ వర్తిస్తుంది.

మందుల క్రమం మీద ప్రభావం

ఏఆర్‌టీ వాడేవారు 95 శాతానికి పైగా డోసులు తప్పకుండా వేసుకోవాలని కౌన్సెలర్లు చెబుతారు. నెలకు 30 మాత్రల్లో రెండు తప్పినా ఆ గీత కిందికి జారినట్లే. చార్లెస్ హిన్‌కిన్ బృందం 2002లో 137 మందిని పరిశీలించి, సంజ్ఞాన లోపం ఉన్నవారు ఈ క్రమాన్ని నిలబెట్టుకోలేకపోయే అవకాశం రెండింతలకు పైగా ఉందని, మందుల పద్ధతి చిక్కుగా ఉన్నప్పుడు వారికే ఎక్కువ కష్టమని తేల్చింది. స్టీవెన్ పాల్ వుడ్స్ తదితరుల పరిశోధన ‘ముందు చేయాల్సిన పనిని గుర్తుంచుకోవడం’ అనే ప్రత్యేక జ్ఞాపకం మీద సాగింది. చిన్ననాటి సంగతులు పూసగుచ్చినట్లు చెప్పేవారు కూడా రాత్రి మాత్ర మరిచిపోవడానికి కారణం ఇదే. ఈ రెండు రకాల జ్ఞాపకాలూ వేరని తెలియని కుటుంబం ‘అన్నీ గుర్తుంటాయి, మందు ఒక్కటే గుర్తుండదా’ అని నిలదీస్తుంది.

ఆరోగ్య అక్షరాస్యత వైపు నుంచి సేథ్ కాలిచ్‌మన్ బృందం అట్లాంటాలో చేసిన అధ్యయనం (1999) మొదటి వరుసలోది. చదువు, ఆరోగ్య అక్షరాస్యత తక్కువ ఉన్నవారు ఎక్కువగా డోసులు తప్పారని అది చూపింది. డ్రెనా వాల్డ్రాప్-వాల్వర్డే పరిశోధనలు అంకెల పరిజ్ఞానానికి ప్రాధాన్యం ఇచ్చాయి: మాత్రలు ఎన్ని మిగిలాయి, ఎప్పటికి అయిపోతాయి, రెండు పూటల నడుమ ఎంత ఎడం ఉండాలి. అయితే అన్ని అధ్యయనాల ఫలితాలూ ఒకే దిశలో లేవు. అక్షరాస్యత కొలిచే సాధనాలు ఆంగ్ల వైద్యపదాల ఉచ్చారణ మీద ఆధారపడటం దానికి ఒక కారణం కావచ్చు.

తెలుగు రాష్ట్రాల్లో

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2019 అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 3.14 లక్షల మంది, తెలంగాణలో 1.58 లక్షల మంది హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్ర అక్షరాస్యత 67.02 శాతం, స్త్రీలలో 59.15 శాతం. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే సమస్య పరిమాణం కొంత అర్థమవుతుంది.

కష్టం ఎక్కువగా చిన్న మాటల దగ్గర వస్తుంది. మామూలు వాడుకలో ‘పాజిటివ్’ మంచి మాట, రిపోర్టులో అదే మాటకు అర్థం వేరు. సీడీ4 ‘కౌంట్’ పెరిగితే మంచిది, రక్తంలో వైరస్ పరిమాణాన్ని తెలిపే వైరల్ ‘లోడ్’ పెరిగితే చెడ్డది. ఒకే కాగితం మీద రెండు అంకెలు ఎదురుబొదురు దిశల్లో నడుస్తాయి. ‘వైరస్ కనబడలేదు’ అన్నది అన్నిటికంటే ప్రమాదకరమైన వాక్యం. చెప్పేవారి ఉద్దేశంలో మందు బాగా పనిచేస్తోంది. వినేవారికి జబ్బు పోయిందని వినిపిస్తే మందు మానేస్తారు. ‘మందు వైరస్‌ను అణచి పెట్టింది, మందు ఆపితే మళ్ళీ లేస్తుంది’ అనే రెండో ముక్క కలపకుండా మొదటిది చెప్పకూడదు.

టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన ఒక్క మాత్ర రావడంతో పని చాలా తేలికైంది. అంతకుముందు డోలుటెగ్రావిర్ స్థానంలో ఉండిన ఎఫావిరెంజ్ కళ్ళు తిరగడం, పీడకలలు వంటివి కలిగించేది. దాన్ని పడుకునే ముందు వేసుకోమనేవారు. కొత్త మాత్రకూ షరతులున్నాయి. క్షయకు రిఫాంపిసిన్ వాడేవారికి 12 గంటల ఎడంతో మరో 50 మిల్లీగ్రాముల డోలుటెగ్రావిర్ కావాలి. గర్భిణికి ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలను దానితో పరగడుపున కలిపి వేసుకోకూడదు. భోజనంతో అయితే కలిపి వేసుకోవచ్చు. లేదంటే ఏఆర్‌టీ మాత్ర వాటికి 2 గంటల ముందో, 6 గంటల తర్వాతో పడాలి. ఏకాగ్రత తగ్గిన మనిషి ఒక్కసారి విని దీన్ని గుర్తుంచుకోవాలనడం అన్యాయం.

గోప్యత మరో అడ్డంకి. ఇంట్లో తెలియకూడదని సీసా మీది కాగితం పీకేసి, మాత్రలను వేరే డబ్బాలోకి మార్చేవారున్నారు. దాంతో మందు పేరు, మోతాదు, గడువు తేదీ అన్నీ పోతాయి. ఫోన్ అలారం పెట్టుకుందామన్నా ‘ఎందుకది మోగుతోంది’ అనే ప్రశ్నకు జవాబు ఉండదు.

సహాయ పద్ధతులు

‘అర్థమైందా అమ్మా?’ అని అడిగితే ‘ఆఁ, అయింది’ అనే జవాబే వస్తుంది. పెద్దవాళ్ళ ముందు అర్థం కాలేదనడం మన మర్యాదలో కష్టం. ‘నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి, ఇంటికెళ్ళాక ఈ బిళ్ళ ఎప్పుడు వేసుకుంటారో నాకొకసారి చెప్పండమ్మా’ అని అడిగితే తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది. పరీక్ష ఇప్పుడు చెప్పినవారిది, విన్నవారిది కాదు. తిరిగి చెప్పించే ఈ పద్ధతికి అదనపు ఖర్చు లేదు.

గంటను గుర్తుపెట్టుకోవడం కంటే పనిని ఆనవాలుగా పెట్టుకోవడం సులువని జ్ఞాపకం మీద జరిగిన పరిశోధన చెబుతుంది. ‘రాత్రి 9 గంటలకు’ అనేకంటే ‘అన్నం తిని చెయ్యి కడుక్కోగానే’ అన్నది నిలుస్తుంది. వారాల గడుల డబ్బా, సూర్యుడు–చంద్రుడు బొమ్మలున్న చీటీ, బిళ్ళ అనేచోట బిళ్ళ, గోలి అనేచోట గోలి అని ఆ ప్రాంతపు మాటే వాడటం, హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి సంఘాలైన పాజిటివ్ నెట్‌వర్క్‌లలోని తోటివారి సహాయం ఉపయోగపడుతున్నాయి. సంజ్ఞాన లోపాన్ని పూర్తిగా నయం చేసే ప్రత్యేక మందు లేదు. త్వరగా మొదలుపెట్టి క్రమం తప్పక వాడే ఏఆర్‌టీయే తీవ్ర లోపానికి ఇప్పటికున్న ప్రధాన రక్షణ.

చట్టం

2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం (2017) పరీక్షకూ చికిత్సకూ ఎరుకతో కూడిన సమ్మతిని తప్పనిసరి చేసింది. లాభనష్టాలను, ప్రత్యామ్నాయాలను ఆ వ్యక్తికి అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే తీరులో చెప్పాకే ఆ సమ్మతి చెల్లుతుందని దాని నిర్వచనం. ఆరోగ్య అక్షరాస్యతను రోగి అర్హతగా చూసే అలవాటుకు ఈ నిర్వచనం సమాధానం. అర్థమయ్యేలా చెప్పే బాధ్యత చెప్పేవారిదని అది స్పష్టం చేసింది. మాట నిదానంగా తలకెక్కేవారికి, అక్షరం రానివారికి ఆ రక్షణ అందరికంటే ఎక్కువ అవసరం.