పదమూడో గేటు

2023 నవంబరు 29. రాత్రి బాగా పొద్దుపోయింది. కృష్ణ మీంచి చలిగాలి కొడుతోంది. తెల్లారితే తెలంగాణలో పోలింగ్. పోలీసు బలగమంతా ఎన్నికల పనిలో ఉంది. నాగార్జునసాగర్ డ్యాం మీద కాపలా పల్చబడింది. సరిగ్గా అప్పుడే కుడిగట్టు వైపు వాహనాల వెలుగులు వరసగా కదిలాయి.

దిగింది ఆంధ్రప్రదేశ్ పోలీసులు. పది మందో ఇరవై మందో కాదు, వందల మంది. డ్యాంకి మొత్తం 26 గేట్లు. సగం దాకా నడిచారు. పదమూడో గేటు దగ్గర ఆగారు. ముళ్లకంచె పరిచారు.

కబురు అందగానే తెలంగాణ పోలీసు అధికారులు వచ్చారు. కంచెకి అటూ ఖాకీలే, ఇటూ ఖాకీలే. ఇరువైపులా తెలుగే. మాట మాత్రం కలవలేదు.

ఈ గొడవ ఆ రాత్రి పుట్టింది కాదు. 1955లో నెహ్రూ పునాదిరాయి వేసినప్పుడు రెండు గట్ల రైతులకీ అదొకటే ఆశ. 2014లో రాష్ట్రం విడిపోయాక డ్యాం తెలంగాణ అజమాయిషీలోకి వెళ్లింది, కుడికాలువ ఆయకట్టు ఆంధ్రలో మిగిలింది, మధ్యవర్తిగా కృష్ణా బోర్డు పుట్టింది, 2021లో దానికి అధికారాలిస్తూ కేంద్రం గెజిట్ కూడా ఇచ్చింది, అయినా ప్రాజెక్టుల్ని దాని చేతికి రెండు రాష్ట్రాలూ అప్పగించలేదు. 2015 ఫిబ్రవరిలో ఇదే డ్యాం మీద రెండు రాష్ట్రాల పోలీసులూ తోసుకున్నారు. అప్పుడే మేలుకోవాల్సింది. 2023లో వానలు మొహం చాటేశాయి. 590 అడుగులు నిండాల్సిన సాగర్‌లో నీళ్లు 522 అడుగుల దగ్గరే ఉన్నాయి. 510 దాటి కిందికి పోకూడదు. మిగిలింది పన్నెండడుగులు.

తెల్లారింది. ఓటర్లు క్యూలో నిలబడ్డారు. డ్యాం మీద ఆంధ్ర అధికారులు కుడికాలువ గేట్ల మోటార్లకి వేరే కరెంటు లైను తగిలించారు. మోటార్లు గుర్రుమన్నాయి. గేటు కదిలింది. దాదాపు 500 క్యూసెక్కులు కాలువలోకి దూకాయి.

తాగునీటికి మా వాటా మేం తీసుకుంటున్నామంది ఆంధ్ర. ఇది దౌర్జన్యమంది తెలంగాణ. ఆపండని బోర్డు ఉత్తరం రాసింది. నీళ్లు ఆగలేదు.

డిసెంబరు 1న కేంద్ర హోంశాఖ కార్యదర్శి రెండు రాష్ట్రాల అధికారుల్నీ వీడియో తెర ముందు కూర్చోబెట్టారు. నవంబరు 28న ఉన్న స్థితికి వెనక్కి వెళ్లాలన్నారు. రెండు వైపులా తలూపారు.

రెండు రాష్ట్రాల పోలీసులూ తప్పుకున్నారు. డ్యాం మీదికి సీఆర్‌పీఎఫ్ జవాన్లు ఎక్కారు. రైతుల కోసం కట్టిన డ్యాంకి తుపాకీ కాపలా పెట్టాల్సి వచ్చింది.