ఆర్పినవారి స్మృతి: ఉత్తరాంధ్ర నుంచి ఒక పరిశీలన

తెలుగు కళలు అగ్నిని చిత్రించినంతగా దాన్ని ఆర్పినవారిని చిత్రించలేదు. తోలుబొమ్మలాటలో లంకాదహనం ప్రేక్షకులు ఎదురుచూసే ఘట్టం. ఖాండవదహనం కూడా అగ్ని విజయగాథగానే ప్రసిద్ధం. అయితే సంస్కృత భారత ఆదిపర్వం ప్రకారం, కృష్ణార్జునుల తోడు దొరకకముందు అగ్నిదేవుడు ఖాండవాన్ని కాల్చబోయి ఏడుసార్లు విఫలుడయ్యాడు. ఏనుగులు తొండాలతో నీరు తెచ్చి పోశాయి; నాగులు తమ అనేక శిరస్సులతో నీరు కుమ్మరించాయి. సామూహికంగా నిప్పునార్పే శ్రమకు ఇంత స్పష్టమైన ప్రాచీన చిత్రణ అరుదు. అయినా మన దృష్టి దహనం మీదనే నిలిచింది.

ఉత్తరాంధ్రలో ఈ విషయానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల చుట్టిళ్ళలో తాటాకు కప్పు దాదాపు నేలదాకా దిగుతుంది. గాలివానను తట్టుకోవడానికి అనువైన ఈ నిర్మాణమే నిప్పుకు సులువుగా చిక్కుతుంది. ఇళ్ళు దగ్గరదగ్గరగా ఉన్న వీధిలో ఒక కప్పు అంటుకుంటే పక్క కప్పును లాగి పడవేయడమే ఊరిని కాపాడే మార్గం. బావినీరు, ఇసుక, తడిపిన గోనెపట్టాలు ఆ తరువాతివి. పొరుగువాని ఇల్లు నిలవడానికి, ఇంకా కాలని తన ఇంటి కప్పును వదులుకోవలసి రావడం ఈ పద్ధతిలోని కఠినమైన అంశం. పశువులను కాపాడుతూ మరణించినవారికి వీరగల్లులు నిలిపిన సమాజం ఈ త్యాగాన్ని శిలకెక్కించే అలవాటు చేసుకోలేదు. అది సామెతల్లో మిగిలింది. ‘ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వినట్లు’ అన్నది ముందుచూపు లేమిని ఎత్తిపొడుస్తుంది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాని సామెత సాయపడనివాణ్ణి నిందిస్తుంది. సాయపడినవాని ప్రస్తావన రెండింటిలోనూ లేదు.

పదనిర్మాణం కూడా గమనించదగినది. హిందీ, కన్నడ భాషలు అగ్నిశామక, అగ్నిశమన వంటి సంస్కృత రూపాలను వాడుతుండగా తెలుగు ‘అగ్నిమాపక’ అంటుంది. సంస్కృతంలో మాపకమంటే కొలిచేది. కాబట్టి ఇక్కడున్నది పోగొట్టడమనే అర్థంలోని తెలుగు ‘మాపు’ ధాతువేనని, దానికి సంస్కృత ప్రత్యయం చేరిందని నా అభిప్రాయం. వైయాకరణులు మిశ్రరూపమని ఆక్షేపించినా, పనిని మన ధాతువే మోస్తున్నది.

నేడు రాష్ట్రమంతటా జరిగే అగ్నిమాపక వారోత్సవాల మూలం మాత్రం బొంబాయిలో ఉంది. 1944 ఏప్రిల్ 14న విక్టోరియా డాక్‌లో నిలిచిన ఫోర్ట్ స్టికిన్ నౌకలో నిప్పు పుట్టింది. అందులో పత్తి బేళ్ళతోపాటు సుమారు 1,400 టన్నుల పేలుడు సామగ్రి ఉంది. సిబ్బంది దాదాపు రెండు గంటలు నీరు చిమ్మినా మంట మూలాన్ని అందుకోలేకపోయారు. సాయంత్రం 4 గంటల 6 నిమిషాలకు నౌక పేలింది. అరగంటలోపే రెండో పేలుడు సంభవించింది. అమరులైన 66 మంది అగ్నిమాపక సిబ్బంది స్మృతిలోనే ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు వారోత్సవాలు జరుగుతున్నాయి. బైకుల్లాలోని దళ ప్రధాన కార్యాలయంలో వారి స్మారకం ఉంది. దానికి చేరువలోని కామాఠిపురా, తెలుగు ప్రాంతాల నుంచి వలసవెళ్ళిన కామాఠీల పేరు మోస్తున్న పేట.

ఆ స్మారకం యూనిఫారం ధరించినవారిది. వారికది తగిన గౌరవమే. కానీ జీతం, హోదా లేకుండా నిప్పుకెదురు వెళ్ళినవారికి కూడా ప్రజాకళలో చోటు సాధ్యమే. లండన్‌లోని పోస్ట్‌మన్స్ పార్క్‌లో చిత్రకారుడు జి. ఎఫ్. వాట్స్ 1900లో ఏర్పరచిన స్మారకం అందుకు నిదర్శనం. ఇతరులను కాపాడబోయి మరణించిన సామాన్యుల పేర్లను అక్కడ పింగాణీ పలకల మీద రాశారు. 1885లో అగ్నిప్రమాదం నుంచి అక్క పిల్లలను కాపాడి ప్రాణం విడిచిన ఆలిస్ అయర్స్ వారిలో ఒకరు. శౌర్యవిగ్రహం కన్నా పేరు, సంవత్సరం, చేసిన పని మాత్రమే చెప్పే ఆ పలకే మన గ్రామాలకు నప్పుతుంది.

పాతపట్నం వంటి చోట అలాంటి పలక నిలపాలంటే ముందు పేర్లు కావాలి. అవి వృద్ధుల జ్ఞాపకాల్లోనే దొరుకుతాయి. పూరిళ్ళ స్థానంలో శ్లాబు ఇళ్ళు వెలుస్తున్న కొద్దీ, కప్పు లాగిన చేతులను చూసినవారు తగ్గిపోతున్నారు. తెలుగు శాఖల క్షేత్రపరిశోధనలో పాటలు, కథలు సేకరించే ప్రశ్నావళికి ‘మీ వీధి కాలినప్పుడు ముందు కప్పెక్కినదెవరు?’ అన్న ప్రశ్నను ఈ వేసవి నుంచే చేర్చవచ్చు.